ఆదవాని చిత్రములు – విశ్వవిద్యాలయపు వస్తుశాలలు



చెన్నపట్టణమున ఎగ్మూరునందలి వస్తుప్రదర్శనశాలకు సామాన్యజనులు పూర్వమొక పేరు పెట్టిరి. దానిని "చచ్చిన కాలేజి" యనెడివారు. జంతువులను ప్రాణములతో జూపు తోటకు "బ్రతికిన కాలేజి" యని పేరు. వ్యాజ్యెములకో వైద్యమునకో చెన్నపట్టణము పోయిన మా యూరి పెద్దలు ఈ రెండు కాలేజీలను చూచివచ్చి, రచ్చకట్టమీద గూర్చుండి నెలలతరబడి ఆ వింతలను చెప్పుకొనెడివారు. చిన్నతనమున ఆ మాట విని నేను నవ్వితిని. ఆ పేరు ఊరక పుట్టలేదని పెద్దవాడనైన పిదప తెలిసికొంటిని. 1851వ సంవత్సరమున ఆ శాలను తెఱచినపుడు అది సెయింటు జార్జి కోట కాలేజి మేడపైననే యుండెను. 1854లో ఎగ్మూరునకు మారినది. చదువునకును పాతవస్తువునకును గల చుట్టరికము పామరుల నోట ఆ విధముగ నిలిచిపోయినది.

నేడు నేను మనవి చేయదలచినది ఆ చుట్టరికమును గూర్చియే. విశ్వవిద్యాలయములు వస్తుశాలల నేల నడుపుచున్నవి? అచ్చట చిత్రప్రదర్శనము లేల జరుగుచున్నవి? ఆదవాని, ఎమ్మిగనూరు సీమలలో పైరుపచ్చలు చూచుకొను మనకు వానితో పనియేమి? పని గలదని నా నమ్మకము. ఆ నమ్మకము నాకు పుస్తకమువలన గాక, ఒక చిత్రమును చూచుటవలనను, ఒక పెట్టెను పోగొట్టుకొనుటవలనను గలిగినది.

నా స్వగ్రామము ఆదవానికిని ఎమ్మిగనూరునకును నడుమనున్న చిన్న పల్లె. మాది కరణీకపు కుటుంబము. 2012వ సంవత్సరమున నా కుమారుడు ఆంగ్లదేశమున చదువుకొనుచుండగా నేనక్కడికి పోయి రెండు మాసములుంటిని. ఒకనాడతడు నన్ను ఆక్సుఫర్డు నగరమునకు తీసికొనిపోయి, అచ్చటి విశ్వవిద్యాలయమునకు జెందిన ఆష్మోలియన్ వస్తుశాలను చూపించెను. ఆ దినములలో అచ్చట హొవర్డ్ హాడ్జ్‌కిన్ అను ఆంగ్ల చిత్రకారుడు తన జీవితకాలమంతయు సేకరించిన భారతదేశపు చిత్రములను ప్రదర్శించుచుండిరి. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు ఆ ప్రదర్శనము జరిగినది.

ముందుగా ఆ శాల పుట్టుపూర్వోత్తరములు చెప్పెదను. ఎలియాస్ ఆష్మోల్ అను పండితుడు తన వస్తుసంచయమును ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు దానము చేయగా, వారు దానికొక భవనమును గట్టించి 1683వ సంవత్సరమున ప్రజలకు తెఱచిరి. రాజుల తోషాఖానాలు అంతకుముందు లోకమున లేకపోలేదు. కాని వానిని చూచుటకు రాజుగారి దయ కావలెను. ఈ శాలలోనికి పోవుటకు మాత్రము వాకిటి రుసుము చెల్లించిన చాలును. 1710లో దీనిని చూడవచ్చిన ఉఫెన్‌బాఖ్ అను జర్మను పండితునికి ఇది బొత్తిగా నచ్చలేదు. సంతనాడు పల్లెజనులు గుంపులుగా లోనికి వచ్చుచున్నారనియు, స్త్రీలను సహితము రానిచ్చుచున్నారనియు, వారెల్లరు ప్రతి వస్తువును చేతబట్టి చూచుచున్నారనియు విసుగుకొని వ్రాసికొనెను. ఆ పండితుని విసుగే ఆ శాలకు గొప్ప కీర్తియని నేననుకొందును. సంతకు వచ్చిన రైతు ఎడ్లబండిని చెట్టుక్రింద విప్పి, విద్వాంసులు చూచు వస్తువునే తానును చూచి పోయెను. విశ్వవిద్యాలయపు వస్తుశాలకు మూలధర్మమిదియే.

ఇక 1683వ సంవత్సరమున మన ఆదవానిలో ఏమి జరుగుచుండెనో చూతము.

విజయనగర రాజులకు ఆదవాని ముఖ్యమైన గిరిదుర్గము. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిదప, మూడేండ్లకు, అనగా 1568లో, ఈ దుర్గము బిజాపురపు ఆదిల్‌షాహీల వశమైనది. వారి కాలమున దీనిని పాలించినవారిలో ప్రసిద్ధుడు సిద్ది మసూద్ ఖాను. సిద్దీలనగా ఆఫ్రికాఖండమునందలి అబిసీనియానుండి వచ్చినవారి సంతతివారు. దక్కను రాజ్యములలో వీరు సేనానులై, మంత్రులై, ఒక్కొక్కప్పుడు రాజులను నిలబెట్టువారై యుండిరి. బిజాపురమున సికందరు అను బాలుడు సుల్తానుగా నుండగా, 1678 మొదలు 1683 వఱకు రాజ్యభారమును వహించినవాడు ఈ మసూద్ ఖానే. ఆ పదవి విసిగి 1683లో దానిని విడిచిపెట్టి ఆదవానికి వచ్చి స్థిరపడెను. ఆక్సుఫర్డులో వస్తుశాల తలుపులు తెఱచిన యేడే మన కొండక్రింద ఈ వృద్ధుడు తన శేషజీవితమును గడపుటకు వచ్చి దిగెనన్నమాట. ఆదవానిలోని జామియా మసీదు అతని నిర్మాణమే. దానిని చూడనివారు మనలో నెవరుందురు?

1686లో బిజాపురమును ఔరంగజేబు జయించెను. 1688లో అతని సేనాని ఫిరోజ్ జంగు ఆదవానిని ముట్టడించెను. దీనిపై మన ప్రాంతమున ఒక కథ గలదు. జిల్లా గజెటీరులోనికి సైతము అది యెక్కినది. కోట ఎంతకును లొంగకపోగా, మసూద్ ఖానునకు తన మసీదుపైగల మమకారమును సేనాని యెఱిగి, ఫిరంగులను మసీదువైపునకు త్రిప్పించెనట. కోట పోయినను సరే, ఆ కట్టడము నిలువవలెనని తలచి మసూద్ ఖాను తాళపుచెవుల నప్పగించెనట. కథలో నిజమెంతయైనను, మూడువందల యేండ్లకు పైగా మన పెద్దలు దానిని చెప్పుకొనుచు వచ్చుట నిజము. అందముగా నిర్మించిన వస్తువొకటి రాజ్యముకంటె ఎక్కువ విలువగలదని నమ్మినవాడొకడు మన యూర నుండెనని మనవారు చెప్పుకొని గర్వించిరి.

కోట చేజిక్కిన పిదప మొగలు సేనతో వచ్చిన రాజపుత్ర ప్రభువు, బికనేరు రాజైన అనూప్ సింగు, ఆదవాని యధికారము వహించెను. ఇతడు కత్తిపట్టినవాడే యైనను గ్రంథప్రియుడు, కళాభిమాని. ఇతడు సమకూర్చిన సంస్కృత గ్రంథములతో ఏర్పడిన భాండాగారము నేటికిని బికనేరున అతని పేరనే గలదు. దక్కనునుండి దేవతావిగ్రహములను సైతము సేకరించి తన కోటకు పంపెనని ప్రతీతి. ఆదవాని చేతికి వచ్చిన పిమ్మట దక్కనీ చిత్రములనేకము బికనేరు చేరినవని కళాచరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆ చిత్రములను చూచి బికనేరు చిత్రకారులు తమ రంగులను, రేఖలను మార్చుకొనిరి. ఎడారినడుమ పుట్టిన చిత్రములలో దక్కను రంగులు కనబడుటకు మన కోట యొక ద్వారమైనది. అనూప్ సింగు మరల తన దేశమునకు పోలేదు. 1698లో ఆదవానియందే మరణించెను. చిత్రములు పోయినవి, తీసికొనిపోయిన రాజు మన మట్టిలోనే యుండిపోయెను.

ఇప్పుడు ఆక్సుఫర్డు మాటకు మరల వచ్చెదను. ఆ ప్రదర్శనమున నేనొక చిత్రముకడ చాలసేపు నిలిచిపోతిని. 1645 ప్రాంతమున బిజాపురమున హైదరు అలీ, ఇబ్రహీం ఖాను అను చిత్రకారు లిరువురు కలసి వ్రాసిన చిత్రమది. ఏనుగొకటి పటమును నిండించి యున్నది. దానిపై ముందు మహమ్మదు ఆదిల్‌షా సుల్తాను కూర్చుండియున్నాడు. అతని వెనుక నల్లని మేనిఛాయతో ఇఖ్లాస్ ఖాను అను మంత్రి గలడు. అతడును అబిసీనియా సంతతివాడే. ఆ ముఖమును చూడగానే నాకు మసూద్ ఖాను జ్ఞప్తికి వచ్చెను. ఆ చిత్రము ఆదవానినుండి పోయినదని నేననను. కాని మసూద్ ఖాను కొలిచిన దర్బారు అది. అతని జాతివాని గౌరవమది. అతని కండ్లు మరగిన రంగులవి. మసీదు మెట్లపై చిన్ననాట ఆడుకొనిన నాకు, ఆ మసీదును కట్టినవాని లోకమెట్టిదో డెబ్బదియేండ్ల దాపున, సముద్రముల కావల, ఒక గాజుపలకవెనుక కనబడెను. సంతోషమును కలిగినది, మనసునం దొక ముల్లును గ్రుచ్చుకొన్నది.

అక్కడ నేను గమనించిన దింకొకటి గలదు. ఒక యధ్యాపకురాలు పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చి, చిత్రమునకెదురుగ నిలువబెట్టి, తాను మాటలాడక వారినే ప్రశ్నించుచుండెను. ఈ యేనుగును వ్రాసినదెవరు, ముఖములను వ్రాసినదెవరు, ఈ కాగితమెక్కడిది, ఈ చిత్రము ఇక్కడి కెట్లు వచ్చినది అని యడుగుచుండెను. ధనికుని మేడలోని చిత్రము గోడకు అలంకారము. విశ్వవిద్యాలయములోని చిత్రము సాక్షి. దానిని బోనెక్కించి ప్రశ్నలు వేయుదురు. ఆ ప్రశ్నలన్నిటిలో కడపటిదే, ఇక్కడి కెట్లు వచ్చినదన్నదే, మిక్కిలి బరువైనదని తరువాతి కాలమున ఋజువైనది.

హాడ్జ్‌కిన్ 2017లో మరణించెను. అతని చిత్రములు ఆక్సుఫర్డునందే స్థిరముగ నుండునని పలువురనుకొనిరి. కాని వానిలో కొన్నిటికి, అవి యెపుడు, ఏ విధముగ భారతదేశమును విడిచెనో తెలుపు కాగితములు చాలనందున విశ్వవిద్యాలయపు శాల వెనుదీసెనని పత్రికలు వ్రాసినవి. 2022లో ఆ చిత్రములలో పెక్కింటిని న్యూయార్కు నగరపు మెట్రొపాలిటన్ శాలవారు పొందిరి. 2024లో వానిని తమ నగరమున ప్రదర్శించిరి. ఆ శాలవారే 2015లో దక్కను సుల్తానుల కాలపు వస్తువులను దాదాపు 200 కూర్చి పెద్ద ప్రదర్శన మొకటి నడిపియుండిరి. మన సీమ చరిత్రను చూచుటకు లోకులు వరుసలుగట్టి నిలుచుచున్నారు. ఆ వరుసలో మనమెందున్నామన్నదే ప్రశ్న.

వస్తువు పుట్టినచోట దాని వివరము వ్రాసి యుంచినచో ఎంతటి బలము గలుగునో చూపు ఉదాహరణ మొకటి చెప్పెదను. ఆ ఆష్మోలియన్ శాలవారే 1967లో లండనున వేలములో తిరుమంగై ఆళ్వారుల కంచువిగ్రహమును గొనిరి. అది పదునాఱవ శతాబ్దమునాటిది. వారు ధరపెట్టి తెఱచాటులేక కొన్నదే. కాని తమిళదేశపు దేవాలయమొకదానియందు 1957లో, పుదుచ్చేరిలోని ఫ్రెంచి విద్యాసంస్థవారు తీసిన ఛాయాచిత్ర మొకటి యుండెను. పరిశోధకులు ఆ రెంటిని సరిపోల్చి చూడగా, విగ్రహమొక్కటేయని తేలినది. 2024లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు దానిని తిరిగి యిచ్చుటకు సమ్మతించిరి. మన ఆంధ్రదేశమునను ఇట్టిదే జరిగినది. ప్రకాశము జిల్లా చందవరమున దొంగిలింపబడిన బౌద్ధశిల్పమొకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరగా, దాని జన్మస్థలము ఋజువైన పిమ్మట 2016లో వారు దానిని మన దేశమునకు తిరిగి యొప్పగించిరి. ఆయుధములు చేయలేని పనిని అరచేయంత ఛాయాచిత్రము చేసినది.

ప్రదర్శనములన్నియు ధర్మబుద్ధితోనే జరిగినవని తలపరాదు. మన నేతపనివారి కథయే యిందుకు నిదర్శనము. ఆదవాని జమఖానాలకును, పట్టు, నూలు బట్టలకును పేరుగన్న పట్టణము. 1911లో అచ్చయిన ఆంగ్ల విజ్ఞానసర్వస్వము సైతము ఆ సంగతి వ్రాసినది. ఫోర్బెస్ వాట్సన్ అను దొర 1866లో భారతదేశపు బట్టల నమూనాలను 700 కూర్చి 18 సంపుటములుగ గట్టించెను. అట్టివి 20 ప్రతులు చేయించి, 13 ప్రతులను బ్రిటనునకును, 7 ప్రతులను భారతదేశమునకును కేటాయించిరి. నమూనాలకై మంచి చీరలను, తలపాగలను, పంచెలను కత్తెరతో ముక్కలుగ కోసిరి. ఏ యంచు, ఏ రంగు ఇచ్చటి జనులకు ప్రీతియో ఆంగ్లదేశపు మిల్లుల యజమానులు కూర్చున్నచోటనే తెలిసికొని, అట్టి బట్టనే యంత్రములపై నేసి మనకు పంపవలెనని దాని యుద్దేశము. అదియు ప్రదర్శనమే. కాని అందు చూచువానికి లాభము, చూపబడినవానికి నష్టము. మగ్గము ముందు కూర్చుండినవాని పేరు ఆ సంపుటములలో లేదు.

దీనికి ప్రత్యుత్తరము మన ఎమ్మిగనూరునుండియే వచ్చినది. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. నూలును సంఘమే యిచ్చి, నేసిన బట్టను సంఘమే అమ్మిపెట్టుటచే నేతగానికి షావుకారు ఋణపాశము సడలినది. 1954లో ప్రభుత్వము సోమప్పగారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. ఏ వస్తుశాలయు చేయలేని పనిని ఆ సంఘము చేసినది. బట్టను గాజులో పెట్టి కాపాడవచ్చును. కాని పడుగును, పేకను నడుపు చేతిని గాజులో పెట్టజాలము. దానికి కూడు పెట్టవలెను. పనియున్నంతకాలము నమూనా చేతిలో బ్రతుకును. పని పోయిననాడు ఆ నమూనాకు కాగితమో, ఛాయాచిత్రమో తప్ప వేఱు దిక్కులేదు.

ఇక నేను పోగొట్టుకొనిన పెట్టె మాట. మా తాతగారి కాలపు మిద్దెయింటి యటకపై నొక చెక్కపెట్టె యుండెడిది. అందు తాటాకు కట్టలు రెండు, నల్లని గుడ్డపై బలపముతో వ్రాసిన కడితము ఒకటి యుండెను. చింతగింజల యంబలియు, బొగ్గుపొడియు పట్టించి మడతలు పెట్టిన ఆ కడితమును నేను బాలుడనై యుండగా తాతగా రొకసారి విప్పిచూపిరి. ఊరిలో మగ్గములెన్ని, ఏ మగ్గమున కెంత మొహతర్ఫా పన్ను, ఎవని మగ్గము ఆ యేడు నిలిచిపోయినది అను లెక్కలందు గలవు. మగ్గపువాండ్ర పేర్లు వరుసగ నుండెను. ఆ పన్నును 1861లో రద్దుచేసిరి గనుక, ఆ వ్రాత అంతకుముందుదే యగును. నేను గృహస్థుడనైన పిదప ఆ పాత మిద్దెను పడగొట్టించితిని. పాతసామానులు కొనువాడొకడు వచ్చి, ఇత్తడి గంగాళముతోపాటు ఆ పెట్టెను తూచి కొనుక్కొనిపోయెను. అందేమున్నదని నేను చూడనైన లేదు. నన్నెవరును మోసగింపలేదు, దొంగతనమును జరుగలేదు. నా చేతులతోనే నేనిచ్చివేసితిని.

ఆక్సుఫర్డులో ఆ యధ్యాపకురాలు "ఇది యిక్కడి కెట్లు వచ్చినది" యని విద్యార్థుల నడిగినపుడు నాకు గ్రుచ్చుకొనిన ముల్లిదియే. ఫోర్బెస్ వాట్సన్ వ్రాయకుండిన నేతగాండ్ర పేర్లు మా తాతగారి పెట్టెలో నుండెను. వానిని అనూప్ సింగు కొనిపోలేదు, ఆంగ్లేయుడును కొనిపోలేదు. పరులను నిందించుట సులభము. మనయింటి యటకను నిందించుట కష్టము.

కావున పెద్దలకు నేను చేయు మనవి యిది. మీ యింట తాటాకులు, కడితములు, కవిలెకట్టలు, రాగిరేకులు, పాత జమఖానాలు, చిత్రపటములు ఉన్నచో మొదట వానిని విప్పి చూడుడు. ఎవరిది, ఏ యూరిది, ఎవరినుండి వచ్చినది అను మూడు మాటలు వ్రాసి దానితో నుంచుడు. నేడు ప్రతి యింటను చేతిటెలిఫోను గలదు. మనుమలచేత ఛాయాచిత్రములు తీయించుడు. గ్రామదేవాలయపు విగ్రహములకు ముందువైపు, వెనుకవైపు, పీఠమువైపు చిత్రములు తీయించి, తేదీ వేసి, దేవస్థానపు లెక్కలతోపాటు దాచుడు. పొలము దున్నునపుడు నాణెములు, విగ్రహములు దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. నూఱేండ్లు దాటిన శిల్పములు, చిత్రములు మొదలగువానిని, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులను పురావస్తువులుగ నెంచి, 1972నాటి చట్టము వానిని సర్కారు అనుమతిలేక దేశము దాటింపరాదని శాసించుచున్నది. ఈ చట్టములు మన వస్తువులను మనకడనుండి లాగుకొనుటకు గాక, వాని జాడ చెఱిగిపోకుండుటకే పుట్టినవి.

ఇంట దాచుటకు వీలులేనిచో విద్యాలయమునకిండు. కడపలో సి. పి. బ్రౌను దొర నివసించిన స్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే వెలసిన గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయము పోషణలో నున్నది. రాయలసీమ వ్రాతప్రతులకది యొక నెలవు. మన కర్నూలునందును 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము నెలకొన్నది. అట్టి విద్యాపీఠములు మన ఆదవాని కోటను, ఎమ్మిగనూరు మగ్గమును, కరణాల కడితమును ఒకచోట కూర్చి ప్రదర్శనములు జరుపవలెనని కోరుట మన హక్కు. ఆ ప్రదర్శనమును పట్టణమునకే పరిమితము చేయక, సంతనాడు ఆదవానిలోను, జాతరనాడు ఎమ్మిగనూరులోను పెట్టవలెను. ఎడ్లబండిలోనో, బస్సులోనో వచ్చిన రైతు లోనికి పోయి, తన తాతపేరున్న మగ్గపు లెక్కను చూచి, "ఇది మావారిదే" యని వ్రేలుచూపవలెను. దానిని చూచి ఏ పండితుడైన విసుగుకొనినచో విసుగుకొననిండు.

వస్తువు ఒంటరిగ నున్నచో అది చచ్చిన కాలేజియే. దాని కథ తెలిసిన పెద్ద యొకడు ప్రక్కన నిలిచి నోరు విప్పిననాడు అది బ్రతికిన కాలేజి యగును. మా తాతగారు నోరు విప్పిరి, నేను వినలేదు. మీ మనుమలకు మీరు చెప్పుడు, వారిచేత వ్రాయింపుడు.